మనవాళ్ళు గెలిస్తే

పోయిన ఆదివారం లండన్‌లో మా హారోలో ట్యూబ్ రైలు ఎక్కితే నిలబడటానికి కూడా చోటు లేదు. వెంబ్లీలో అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ ఆట ఉందట. చలి మొదలయ్యే రోజుల్లో ఏటా ఒకటో రెండో ఆటలు ఇక్కడికొచ్చి ఆడిపోతారు. ఆ రోజు మైదానంలో ఆడేది రెండు జట్లే అయినా, మిగతా అన్ని జట్ల అభిమానులూ ఎవరి జెర్సీ వాళ్ళు తొడుక్కుని బయల్దేరతారు. పెళ్ళి ఎవరిదైతేనేం, మన పట్టుచీర మనం కట్టుకోవాలి కదా.

నా పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డ తెల్లాయన ఒంటి మీద ముదురు నీలం జెర్సీ చూసి కాసేపు చూపు తిప్పుకోలేకపోయాను. అది మా కింది ఫ్లాట్ అంకుల్ జట్టు. నేను అట్లా చూడటం ఆయన గమనించి నవ్వాడు. నేనూ నవ్వి, మా ఇంటి కింద ఒకాయన మీ జట్టు వెనకే ఉండేవారు, వరసగా ఓడిపోయిన ఆ సీజన్ మొత్తం చూశారు అని చెప్పాను.

"అబ్బా, ఆ సీజన్ గుర్తు చేయకండి," అన్నాడాయన. "ఓడిపోయినందుకు నాకేం బాధ లేదు. డిసెంబర్‌లో ఒక్క ఆట గెలిచారు చూడండి, అదీ నా బాధ. అది కూడా ఓడి ఉంటే కొత్త ఆటగాళ్ళలో మొదటి ఎంపిక మాదే అయ్యేది. ఆ పనికిమాలిన గెలుపు మమ్మల్ని ముంచింది."

ఆ ఆటలో అట్లాంటి పద్ధతి ఒకటుంది. ఏడాదంతా అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుని, మరుసటేడు కొత్తగా వచ్చే కుర్రాళ్ళలో మంచివాణ్ణి ఏరుకోవడానికి ముందు పిలుస్తారు. తెల్లాయన వెంబ్లీలో దిగిపోయాడు. రైలు పెట్టె సగం ఖాళీ అయి కూర్చోవడానికి చోటు దొరికినా నేను నిలబడే ఉన్నాను. ఆ గెలుపు వచ్చిన ఆదివారం సాయంత్రం మా కింది ఫ్లాట్లో సోఫా మీద కూర్చున్న మనిషి మొహమే కళ్ళముందు ఆడుతోంది.

ఆ జట్టు పేరు నేను రాయను. అంకుల్ కూడా ఎప్పుడూ పేరు పెట్టి అనలేదు. ఆయనకి వాళ్ళు 'మనవాళ్ళు'. ఈ దేశంలో కొత్తగా ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మూడో మాటకల్లా 'మీరు మనవాళ్ళేనా' అని కూపీ లాగుతారు. దాని వెనక ఉన్న ప్రశ్న ఏమిటో అందరికీ తెలుసు. అంకుల్ మాత్రం ఆ మాటని సముద్రం అవతల, తాను ఎన్నడూ చూడని ఊళ్ళో, ఒక్కొక్కడు బీరువా అంతున్న ఆటగాళ్ళకి తప్ప ఇంకెవరికీ వాడగా నేను వినలేదు.

నేను పైఫ్లాట్లో అద్దెకి దిగిన కొత్తల్లో, ఆదివారం సాయంత్రం ఆరయ్యేసరికి కింద నుంచి ఒక మగగొంతు బతిమాలుతూ వినిపించేది. "పోవయ్యా, పో, ఇంకొంచెం పో నాయనా," అని. ఎవరో ముసలాయన మొండిపిల్లాడికి నడక నేర్పుతున్నాడనుకున్నాను. రెండు మూడు వారాలు ఓర్చుకుని, మర్నాడు పొద్దున్నే ఆఫీసు మీటింగ్ పెట్టుకుని ఈ గోలేమిటని అడగడానికి దిగాను. తలుపు తీసింది ఆంటీ. నా మొహం చూడగానే ఎందుకొచ్చానో గ్రహించినట్టుంది. ఏమీ అడగకుండా పునుగులు, అల్లప్పచ్చడి ఉన్న ప్లేటు చేతిలో పెట్టి లోపలికి నడిచింది. పునుగు నోట్లో పెట్టుకున్నాక ఇంకేం దెబ్బలాడతాం.

లోపల అంకుల్ లుంగీ మీద స్వెటరు, దాని మీద జెర్సీ, నెత్తి మీద జట్టు టోపీ పెట్టుకుని టీవీ ముందున్నారు. "కూసో అమ్మాయ్, మంచి టైముకొచ్చినావు," అన్నారు, ఎప్పటి నుంచో ఎరిగున్నట్టు. సోఫా చేతి మీద తన జానతో కొలిచి ఆట నేర్పించారు. "పది గజాలు ముందుకి పోవాల. దానికి నాలుగు ఛాన్సులు. పోతే మళ్ళీ నాలుగిస్తారు. పోలేదనుకో, బంతి అవతలోడికి. ఇంతే. దీనికి పెద్ద చదువులక్కర్లా." ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు కూర్చున్నా ఆ ఆట గురించి నాకు తెలిసింది ఇంచుమించు అంతే.

ఆయనది ఒంగోలు దగ్గర. బస్సు డిపోలో డ్రైవర్ల రోటా వేసే పని. ఏ డ్రైవరు ఏ వారం ఏ షిఫ్టు, ఎవరికి ఏ ఆదివారం సెలవు, అన్నీ ఆయన చేతిలోనే. ఎవరైనా వచ్చి ఈ వారం కుదరదని మొరపెట్టుకుంటే "వచ్చే వారానికి జరుపుదాంలే," అనేవారట. డిపోలో ఆయనకి అదే ఊతపదం, ఇంట్లోనూ అదే. బాయిలర్ బాగుచేయించడం, పాస్‌పోర్టు మార్పించుకోవడం, పంటి నొప్పి, అన్నీ వచ్చే వారమే. తన ఆదివారాలు మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఈ జట్టు ఎట్లా దొరికిందని అడిగితే ఆయన చెప్పిన కథ చిన్నదే. ఏనాడో డిపోలో లాటరీ తీస్తే వెంబ్లీలో ఆటకి టికెట్ తగిలింది. పోయి చూస్తే వాన. ఒక జట్టు చిత్తుగా ఓడిపోతోంది. జనం సగంలోనే లేచి వెళ్ళిపోతున్నారు. "గెలిచేవాడికి లోకమంతా ఉంది. మనమెందుకు?" అనుకుని ఓడుతున్న వాళ్ళ వైపు కూర్చున్నారు. ఇక లేవలేదు. "ఓడేవోళ్ళని వదిలేసి పోగూడదు," అనేవారు. ఎంత ఘోరంగా ఓడుతున్నా చివరి క్షణం దాకా టీవీ కట్టనిచ్చేవారు కాదు. తిట్టేవారు కాదు. ఇక లాభం లేదనిపించినప్పుడు టోపీ తీసి మోకాలి మీద బోర్లించి, దాని అంచు వేలితో సర్దుతూ కూర్చునేవారు. ఆ టోపీ మోకాలి మీదికి దిగిందంటే ఆట పోయిందని వంటింట్లో ఉన్న ఆంటీకి కూడా తెలిసేది.

ఆయనకి శకునాల పిచ్చి ఉండేది. గడప దాటేటప్పుడు ఎవరైనా తుమ్మితే వెనక్కొచ్చి, కూర్చుని, గ్లాసెడు మంచినీళ్ళు తాగి గానీ కదిలేవారు కాదు. డిపోలో కూడా అంతే. ఎవడైనా తుమ్మితే రాస్తున్న కలం ఆపి ఒక నిమిషం చేతులు కట్టుకుని కూర్చునేవారట. పక్కనున్న జమైకా డ్రైవరొకాయన మొదట వెక్కిరించి, తర్వాత తానూ ఆగడం మొదలుపెట్టాడని గర్వంగా చెప్పుకునేవారు. నేను ఆటపట్టిస్తే "నీ కంప్యూటర్ని మాత్రం ఆపి మళ్ళీ ఆన్ చెయ్యవా? ఇదీ అట్టాంటిదే," అన్నారు.

నేను చెప్పబోయే సీజన్ సెప్టెంబర్లో మొదలైంది. మొదటి ఆట రోజున నేను కిందికి దిగితే ఆంటీ నన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాగింది.

"ముద్ద దిగట్లేదమ్మాయ్ ఈయనకి," అంది గొంతు తగ్గించి. "నెల పైనే అయింది. నీళ్ళు తాగి దింపుకుంటన్నాడు. క్లినిక్కి తీసకపోతే డాక్టరమ్మ వెంటనే హాస్పిటల్కి రాసింది, గొంతులోకి గొట్టమేసి చూడాలంట. డేటు కూడా ఇచ్చారు. ఈయనేమో ఫోన్ చేసి వెనక్కి జరిపిచ్చాడు."

నేను హాల్లోకి వచ్చి అడిగేశాను. ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, "పోతాలే అమ్మాయ్. అట్టాంటి పనికి పోయేటప్పుడు మనసు బాగుండాల. ఓడిన మొహం ఏసుకుని పోతే ఓడిన రిపోర్టే వస్తది. ఇయ్యాల మనవాళ్ళు గెలిస్తే సోమవారం పొద్దున్నే నేనే ఫోన్ చేసి డేటు అడుగుతా," అన్నారు. ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ముగ్గురం నవ్వాం కూడా. ఒక్క ఆటేగా, గెలవకపోతారా అనుకున్నాం.

ఓడిపోయారు. మరుసటి వారమూ ఓడిపోయారు. మూడోసారి చివరి దాకా ముందుండి మరీ ఓడిపోయారు. నవ్వులాటకి అన్న మాటే మెల్లగా ముడిలా బిగుసుకుంది. ఆసుపత్రి వాళ్ళు ఇంకో తేదీ ఇచ్చారు, ఆయన దాన్నీ జరిపారు. ఆ తర్వాతి దానికి వెళ్ళనే లేదు. క్లినిక్ నుంచి డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేస్తే, వినయంగా "నెక్స్ట్ వీక్, డాక్టర్," అన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. డ్రైవర్ల షిఫ్టులు జరిపిన చేత్తోనే తన గొంతుని కూడా జరుపుకుంటూ పోయారు.

ప్లేటు చూస్తే చాలు, జబ్బు ఎంత దూరం పోయిందో తెలిసేది. మొదట పునుగులు పోయి మెత్తటి ఇడ్లీ వచ్చింది. ఇడ్లీ పోయి పాలల్లో నానిన బ్రెడ్డు వచ్చింది. అది కూడా పోయి ఆంటీ గ్లాసులో రాగిజావ తెచ్చి పెట్టేది. ఆయన దాన్ని చిన్న చిన్న గుక్కలుగా తాగుతూ, ప్రతి గుక్కకీ కాస్త మెడ సాచేవారు. నా ప్లేటులో మాత్రం పునుగులు ఎప్పటిలాగే ఉండేవి. నాకవి తినబుద్ధయ్యేది కాదు, వద్దంటే ఆంటీ ఊరుకునేది కాదు.

ఒక ఆదివారం ఆంటీ వంటింట్లో నన్ను అడిగింది. "మీరు కంప్యూటర్లోళ్ళు గదా. వాళ్ళు గెలిచిన పాత ఆట ఏదన్నా ఉంటే ఇయ్యాల్టిదని పెట్టటానికి కుదరదా?"

"ఆయన కనిపెట్టేస్తారాంటీ. ఒక్కొక్కడి మొహం గుర్తు ఆయనకి."

"అవునులే," అంది. "నా పుట్టినరోజు గుర్తుండదు గానీ."

అక్టోబర్‌లో మనవాళ్ళు లండన్ వచ్చారు. అదే వెంబ్లీ. అంకుల్ ముందే మా ముగ్గురికీ టికెట్లు తీసుకున్నారు. ఆంటీ చీర మీద కోటు, మెడకి నీలం మఫ్లరు చుట్టుకుని, ఆ వేలమంది మధ్య గట్టిగా బ్యాగు పట్టుకుని కూర్చుంది. ఆట ఆమెకి బొత్తిగా తెలీదు. మన నీలం జెర్సీల వాళ్ళు పడిపోతే "అయ్యో" అనేది, లేస్తే ఊపిరి పీల్చుకునేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఆంటీ ఆ ఆటగాళ్ళని 'ఆ పిల్లలు' అనేది, అదేదో మామూలు మాటైనట్టు.

చివరికి ఆట ఒక్క తాపుకి వచ్చింది. బంతిని తన్ని, అవతల నిలబెట్టిన రెండు స్తంభాల మధ్య నుంచి పంపితే గెలుపు మనది. ఆట ఆగింది. చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు. అంకుల్ మాత్రం కూర్చునే ఉన్నారు. ఆంటీ లేచి కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పక్కవాళ్ళకి వినబడేంత గట్టిగా అంది. "వెంకటేశ్వర స్వామీ, ఈ పిల్లల్ని గెలిపించు తండ్రీ. నీ కొండకొచ్చి తలనీలాలిస్తా."

బంతి పోయి స్తంభానికి టంగుమని తగిలి వెనక్కి పడింది. "లోపలికి పోయినట్టేనా?" అని ఆంటీ నన్ను అడిగింది. అంకుల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. జనమంతా వెళ్ళిపోయి, పసుపు కోట్ల సిబ్బంది వచ్చి ఇక లేవండని చెప్పేదాకా కదల్లేదు. మెట్లు దిగుతుంటే ఆంటీ నా చెవి దగ్గర, "ఇయ్యాలే అని అనలేదులే నేను. ఎప్పుడు గెలిపిచ్చినా ఇస్తా," అంది. స్వామికి గడువు పెంచినట్టు చెప్పింది.

తర్వాతి వారం మనవాళ్ళకి సెలవు. ప్రతి జట్టుకీ సీజన్ మధ్యలో ఒక వారం ఆట ఉండదు. ఆ ఆదివారం నేను జావ ఎట్లా తాగుతున్నారో చూడటానికే దిగాను. ఆంటీ అప్పటికే దెబ్బలాడుతోంది.

"ఆడకపోతే ఓడలేదు గదా. రేపు పోదాం పదండి."

"గెలవలా గదా," అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. "అంకుల్, వాళ్ళు ఈ ఏడు గెలవరు. మీకు నాకంటే బాగా తెలుసు. మీకిచ్చిన నాలుగు ఛాన్సుల్లో మూడు అయిపోయాయి. ఇంకా ఎవరి కోసం కూర్చున్నారు?" అన్నాను. పెద్దాయనతో అంత మాట అనకూడదు. అన్నాను, ఇప్పటికీ అన్నందుకు బాధ లేదు.

ఆయనకి కోపం రాలేదు. ఆంటీ వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగారు. అప్పుడు టీవీ వైపు, అది ఆపేసి ఉన్నా, అటే చూస్తూ చెప్పారు.

"మా నాయనకీ ఇదే. గొంతే. గుంటూరు తీసకపోయినాం. పొద్దున బస్సు దిగి ఆసుపత్రికి నడుచుకుంటా వచ్చాడు మనిషి. దారిలో బత్తాయిలు బేరమాడాడు. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. అంతే, మళ్ళీ సొంత కాళ్ళ మీద ఇంటికి రాలా. పేరు తెలిసినాకే పడిపోయాడమ్మాయ్. పేరు తెలీనంత కాలం బానే ఉన్నాడు."

అప్పుడు నాకు అర్థమైంది. ఈ మనిషి గెలుపు కోసం ఎదురు చూడటం లేదు. గెలవని జట్టుని అడ్డం పెట్టుకుని దాక్కుంటున్నారు. లోకంలో అంతకంటే నమ్మకమైన అడ్డం ఆయనకి దొరికి ఉండదు. ఆ సంగతి ఆంటీకి ఎట్లా చెప్పేది? ఆవిడ ప్రతి శనివారం గుడికెళ్ళి, నవగ్రహాల చుట్టూ ఆ జట్టు కోసం ప్రదక్షిణాలు చేస్తోంది. గుడిలో పంతులుగారు ఎవరి పేరు మీద అర్చన అని అడిగితే, ఆటగాళ్ళ పేర్లు నోరు తిరగక "మా పిల్లల పేరు మీద" అని చెప్పిందట.

డిసెంబర్‌లో ఒక ఆదివారం, ఎవరూ ఆశ పెట్టుకోని ఆట. అంకుల్ అప్పటికి సగమయ్యారు. జెర్సీ ఒంటి మీద కాకుండా తలుపు కొక్కేనికి వేలాడుతున్నట్టుండేది. అవతలి జట్టుది గెలిచే ఆట. ఇంకాస్త సేపు బంతి పట్టుకుని కూర్చుంటే చాలు. కానీ వాళ్ళలో ఒకడి చేతిలోంచి బంతి జారింది. మనవాడొకడు దాని మీద పడి, లేచి, పరుగెత్తాడు. ఎవడూ అందుకోలేదు.

నేను అరిచాను. నా అరుపు విని ఆంటీ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. నేను తిరిగి అంకుల్ని చూశాను. ఆయన మొహంలో సంతోషం లేదు. కోర్టులో పేరు పిలిస్తే లేచి నిలబడాల్సిన మనిషి చూసినట్టు చూస్తున్నారు.

"గెలిచారా? నిజంగానా?" ఆంటీ ఆయన్ని కాదు, నన్ను అడిగింది.

తలూపాను. ఆవిడ అక్కడే గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత వంటింటి అలమరలో ఉన్న దేవుడి పటం దగ్గరికి వెళ్ళి దీపం వెలిగించింది.

అంకుల్ మోకాలి మీద ఉన్న టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నారు. "గెలిచారు," అన్నారు. మళ్ళీ తనే, "సోమవారం అన్నా గదా," అన్నారు. మాట తప్పే మనిషి కాదు. ఆ మర్నాడు పొద్దున ఎవరూ చెప్పకుండానే ఫోన్ తీసి, క్లినిక్ లైను దొరికేదాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నారట.

పరీక్ష అయ్యాక ఆసుపత్రికి వాళ్ళతో నేనూ వెళ్ళాను. డాక్టర్ నెమ్మదైన మనిషి. ఎప్పటి నుంచి ఇట్లా ఉందని అడిగింది. "సీజన్ మొదలైనప్పటి నుంచి," అన్నారు అంకుల్ ఇంగ్లీషులో. ఆవిడ చలికాలం అనుకుంది కాబోలు, తల ఊపి రాసుకుంది. ఆ తర్వాత జబ్బు పేరు చెప్పింది. అది గొంతు దాటి కాలేయం దాకా పోయిందని చెప్పింది. ఆయన వింటూ టోపీ అంచు సర్దుకున్నారు. "సెప్టెంబర్‌లోనే వచ్చి ఉంటే?" అని అడిగారు.

డాక్టర్ కలం పక్కన పెట్టి, "చెప్పడం కష్టం," అంది.

"ఏమందమ్మాయ్?" అని ఆంటీ నా చెయ్యి గిల్లింది.

"చెప్పలేం అంటోంది."

నిజంగానే చెప్పలేరేమో. సెప్టెంబర్‌లో వెళ్ళినా ఇదే మాట వినేవాళ్ళమేమో. ఆ అనుమానం నాకు ఊరటనివ్వాలి, ఇవ్వలేదు. ఆయన మీద నాకు కోపం వచ్చింది, అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

మిగిలిన ఆటలు మంచం మీద నుంచే చూశారు. అన్నీ ఓడిపోయారు. ఒక సాయంత్రం, ఎక్కువ ఓడినవాళ్ళని ముందు పిలిచే ఆ పద్ధతి గురించి నాకు చెబుతూ, "ఓడినోడికి ముందు పిలుపంట. చూశావా, ఎంత న్యాయమో," అన్నారు. అది చెప్పేటప్పుడు గొంతు సరిగా పెగల్లేదు, కానీ నవ్వారు. ఆ నవ్వుకి నేను వేరే అర్థం తీసి భయపడ్డాను. మార్చి నెలాఖర్లో ఈ దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకి జరిపే లోపే ఆయన పోయారు. ఈ ఒక్కటీ వచ్చే వారానికి జరగలేదు.

దహనం రోజు డిపో నుంచి చాలామంది వచ్చారు. శవపెట్టె మీద ఆంటీ ఆ టోపీ పెట్టింది. పంతులుగారి మంత్రాలు అయిపోయి, ఇక పెట్టెని లోపల దహన యంత్రంలోకి పంపబోతుంటే వెనక బెంచీలో ఎవరో తుమ్మారు. డిపోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ జమైకా డ్రైవరు మెల్లగా చెయ్యెత్తి, అక్కడి ఉద్యోగితో, "ఒక్క నిమిషం ఆగండి సార్. ఆయన ఆగుతారు," అన్నాడు. ఆ ఉద్యోగికి ఏమీ అర్థం కాలేదు, కానీ ఆగాడు. అందరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. పెట్టె హాల్లోకి తెచ్చినప్పుడు రాని ఏడుపు నాకు ఆ నిమిషంలో వచ్చింది.

మనిషి పోయిన ఇంటివాళ్ళు ఏడాది దాకా కొండ ఎక్కకూడదు. ఆంటీ ఏడాది ఆగింది. సంవత్సరీకాలు పెట్టడానికి ఒంగోలు వెళ్ళి, అక్కణ్ణించి తిరుపతి వెళ్ళొస్తానంది. తిరిగొచ్చిన రోజు నేను కారేసుకుని హీత్రో వెళ్ళాను. తలకి నల్లటి స్కార్ఫు బిగించి కట్టుకుని, ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. చలికి కట్టుకుందనుకున్నాను. కార్లో కూర్చున్నాక విప్పింది. తల నున్నగా ఉంది. అప్పుడప్పుడే మొలకలు వస్తున్నాయి.

వెనకటి రోజుల్లో మొగుడు పోయిన ఆడవాళ్ళకి చేసిన ఘోరం గుర్తొచ్చి ఆ తల వంకే చూస్తుండిపోయాను.

"మా ఆడబిడ్డ కూడా నీ మాదిరే చూసింది," అంది ఆంటీ. "గుండెలు బాదుకుంది. ఈ కాలంలో ఇదేం పని వదినా, మేం చచ్చామా అని. ఊళ్ళోవాళ్ళందరూ మీ అంకుల్ కోసమే చేశాననుకున్నారు."

"మరి కాదా ఆంటీ?"

"మర్చిపోయావా? వెంబ్లీలో నీ పక్కనే గదా మొక్కుకుంది. ఆ పిల్లలు గెలిస్తే ఇస్తానన్నా. గెలిచారు. మొక్కు మొక్కే గదా."

"వాళ్ళకి చెప్పారా?"

"ఏమని చెప్పేది? ఎవరో పరాయి దేశం పిల్లలు బంతాట గెలవాలని గుండు కొట్టించుకున్నానంటే పిచ్చి పట్టిందనుకోరూ."

హ్యాండ్‌బ్యాగులోంచి ప్రసాదం పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. స్కార్ఫు మళ్ళీ కట్టుకోబోయి, కట్టుకోకుండా మడతపెట్టి పట్టుకుని కూర్చుంది. నేను తాళం తిప్పబోతుంటే, ముందున్న అద్దంలోకి చూస్తూ, తనలో తాను లెక్క సరిచూసుకున్నట్టు చెప్పింది.

"స్వామిది తప్పేం లేదమ్మాయ్. గెలిపియ్యమన్నా, గెలిపిచ్చాడు. అడిగింది అడిగినట్టు ఇచ్చాడు. ఆ చేత్తోనే మీ అంకుల్ని బతికియ్యమని అడగాల్సింది. అన్నాళ్ళు మొక్కినా, ఆ మాట నాకు తోచనే లేదు."